ఆరు గదుల రివాల్వర్‌లో అయిదే తూటాలెందుకు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అమెరికాలో ఆడే కౌబాయ్ తరహా షూటింగ్ పోటీల మీద నల్గొండ, పాలమూరు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపాం. సగం మంది "ఏ తుపాకీ మంచిది" అని అడిగారు. మేం మాత్రం ఫలానా నియమం ఎందుకు పుట్టిందో చెప్పడానికే ఎక్కువ చోటు తీసుకున్నాం. కారణం తెలిసిన నియమాన్ని చెయ్యి మరిచిపోదు.

ప్రశ్న: సినిమాల్లో చూసే కౌబాయ్ తుపాకులతో నిజంగా పోటీలు పెడతారా? ఏమేం కావాలి? (డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ)

జవాబు: పెడతారు. 1980ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైన ఆట ఇది. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ ఏర్పడింది. పొట్టిగా సాస్ అంటారు. కింద మేం చెప్పేవన్నీ ఆ సంస్థ నియమాలే.

ప్రధాన పోటీకి నాలుగు తుపాకులు కావాలి: రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, ఒక రైఫిల్, ఒక షాట్‌గన్. సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ చేసేది ఒక్కటే పని, హ్యామర్‌ను (తూటాను వెనక నుంచి కొట్టే భాగం, పాత తుపాకులవాళ్లు గుర్రం అంటారు) వదిలిపెట్టడం. హ్యామర్‌ను వెనక్కి లాగి నిలిపే పని ప్రతిసారీ బొటనవేలిదే. 1873 నాటి కోల్ట్ రివాల్వర్ దీనికి మూలం. రైఫిల్ పిస్టల్ తూటాను పేల్చేదై ఉండాలి, హ్యామర్ బయటికి కనిపించాలి, తూటాలు గొట్టం కింద ఉండే గొట్టపు మ్యాగజైన్‌లో ఉండాలి. వించెస్టర్ 1873, 1892, మార్లిన్ 1894 ఈ కోవలోవి. షాట్‌గన్ అయితే పక్కపక్కన రెండు గొట్టాలున్నదో, ఒకే గొట్టానిదో, వించెస్టర్ 1887 లాంటి లీవర్‌దో, 1897 లాంటి బయటి హ్యామర్ ఉన్న పంప్‌దో కావచ్చు. అసలువే కానక్కర్లేదు, ఇటలీలో తయారయ్యే నకళ్లనే చాలామంది వాడతారు.

ఒక్కో ఘట్టాన్ని 'స్టేజ్' అంటారు. సాధారణంగా రివాల్వర్లతో 10 గుండ్లు, రైఫిల్‌తో 10, షాట్‌గన్‌తో 4 లేదా కొంచెం ఎక్కువ. గురిపెట్టి కొట్టేది ఉక్కు పలకలను. రివాల్వర్ పలకలు 6 నుంచి 9 మీటర్ల దూరంలో, షాట్‌గన్‌వి 7 నుంచి 15 మీటర్లలో, రైఫిల్‌వి 12 మీటర్ల నుంచి మొదలై 45 దాకా పెడతారు. పలకలు పెద్దవి, దగ్గరగా ఉంటాయి. గురి కన్నా వేగానికి, వేగం కన్నా క్రమానికి పరీక్ష ఇది. లోపలి స్ప్రింగులు మార్చి, భాగాలు నునుపు చేయించుకోవచ్చు. బయటికి కనిపించే రబ్బరు పిడులకు, ఆధునిక ట్రిగ్గర్లకు చోటు లేదు.

ప్రశ్న: సర్వీసులో మేము రివాల్వర్ నిండా ఆరు తూటాలు పెట్టుకునేటోళ్లం. వీళ్లు అయిదే పెట్టాలంటున్నరు. ఇప్పటి రివాల్వర్లలో సేఫ్టీ ఉన్నది గదా, మరి ఈ నిబంధన ఎందుకు? (రిటైర్డ్ జవాను, దేవరకొండ)

జవాబు: మీరు వాడినది డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ లేచి పడే రకం) అయి ఉంటుంది. దాని లోపల హ్యామర్‌కూ తూటాకూ మధ్య అడ్డు ఉంటుంది. 1873 కోల్ట్‌లో ఆ అడ్డు లేదు. హ్యామర్ ముక్కుకే పిన్ను ఉంటుంది. హ్యామర్ కిందికి దిగి ఉన్నప్పుడు ఆ పిన్ను సరాసరి తూటా ప్రైమర్‌ను (దెబ్బ తగిలితే మందును అంటించే అడుగు బిళ్లను) తాకుతూ ఉంటుంది. తుపాకీ చేజారి హ్యామర్ మీద పడితే చాలు, పేలిపోతుంది. అందుకే ఆ గది ఖాళీగా ఉండాలి.

కొత్తవాటిలో, ఉదాహరణకు రుగర్ వకేరోలో, ట్రాన్స్‌ఫర్ బార్ అనే పలుచటి ఉక్కు బద్ద ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడే అది పైకి లేచి హ్యామర్ దెబ్బను పిన్నుకు అందిస్తుంది. యాంత్రికంగా చూస్తే వాటిలో ఆరు పెట్టినా ప్రమాదం లేదు. అయినా నియమం అందరికీ ఒక్కటే. లోడింగ్ బల్ల దగ్గర నిలబడే అధికారి ఒక్కో తుపాకీ విప్పి లోపల ఏముందో చూడలేడు, ఖాళీ గది ఉందా లేదా అన్నది కళ్లతో చూసి చెప్పగలడు. ఇది సరైన నిర్ణయమే అని మా అభిప్రాయం. మినహాయింపు ఒక్క మోడల్‌కు ఇస్తే, చూసేవాడు ప్రతి మోడల్‌నూ గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది.

నింపే వరుస ఇది. గొట్టం సురక్షిత దిశలో ఉంచి హ్యామర్‌ను సగం దాకా లాగాలి. పక్క తలుపు తెరిచి ఒకటి పెట్టి, ఒక గది వదిలి, వరుసగా నాలుగు పెట్టాలి. తలుపు మూసి, హ్యామర్‌ను పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో పట్టుకుని నెమ్మదిగా దించాలి. లెక్క తప్పకపోతే అది ఖాళీ గది మీదే దిగుతుంది. అయినా అక్కడితో వదలొద్దు. రివాల్వర్‌ను పక్క నుంచి చూస్తే సిలిండర్‌కూ (తూటాల గదులుండే తిరిగే భాగం) చట్రానికీ మధ్య సందులో తూటాల అంచులు కనిపిస్తాయి. హ్యామర్ కింద అంచు కనిపించకూడదు.

తప్పు జరిగేది ఎక్కడంటే, రుగర్‌లో హ్యామర్‌ను సగం లాగే మెట్టు ఉండదు. తలుపు తెరిస్తేనే సిలిండర్ వదులవుతుంది. కోల్ట్‌కు అలవాటుపడ్డ చేతులు అదే లెక్కన నింపి తలుపు మూసేస్తాయి, ఖాళీ గది ఒక మెట్టు పక్కకు పోతుంది. హ్యామర్ కింద నిండు తూటాతో ఫైరింగ్ గీత దగ్గరికి వెళ్తే ఆ స్టేజ్ మొత్తం రద్దవుతుంది. రైఫిల్‌కూ ఇదే సూత్రం: మ్యాగజైన్‌లో 10, ఛాంబర్ (గొట్టం వెనక, పేలే తూటా కూర్చునే గది) ఖాళీ, హ్యామర్ కిందికి. షాట్‌గన్ మాత్రం తెరిచి, ఖాళీగా ఉంచాలి. టైమర్ మోగాకే, ఒక్కసారికి రెండుకు మించకుండా నింపాలి.

ఇంకొకటి. స్టేజ్ నడుస్తుండగా హ్యామర్ లాగాక మనసు మార్చుకుని దించేయడం కుదరదు. టైమర్ అధికారి చెబితే తప్ప ఆ గుండు పలకల వైపే పేలాలి. గురి తప్పితే 5 సెకన్లు పోతాయి, అంతే. చెమట పట్టిన వేలితో, హడావుడిలో దించబోతే పోయేది సెకన్లు కాదు.

ప్రశ్న: గుండు సీసానిదే ఉండాలి, వేగం ఇంతకు మించొద్దు అంటున్నరు. తక్కువ మందు పోసి తేలిక తూటాలు చేసుకుంటే దెబ్బ తక్కువ, వేగంగా కొట్టొచ్చు గదా? (పాఠకుడు, సూర్యాపేట)

జవాబు: మీరు అనుకున్నదే అక్కడా చాలామంది అనుకున్నారు. అందుకే పై హద్దుతో పాటు కింది హద్దు కూడా వచ్చింది.

పై హద్దు: రివాల్వర్ గుండు సెకనుకు 1,000 అడుగులు (సుమారు 305 మీటర్లు) దాటకూడదు, రైఫిల్ గుండు 1,400 అడుగులు (427 మీటర్లు) దాటకూడదు. గుండు సీసానిదే కావాలి. రాగి తొడుగు, రాగి పూత, అడుగున రాగి బిళ్ల ఉన్నవి పనికిరావు. పాలిమర్ పూత పరవాలేదు. ఏడెనిమిది మీటర్లలో ఉక్కు పలకను కొడుతున్నప్పుడు మెత్తటి సీసం ఆ దెబ్బకు చితికి పలక వెంబడి పక్కలకు చెదురుతుంది. రాగి తొడుగు చినిగి పదునైన రేకులై వెనక్కి వస్తుంది. షాట్‌గన్‌లో కూడా 4వ నంబరు లేదా అంతకన్నా సన్న సీసం ఛర్రాలే, ఉక్కు ఛర్రాలు ఒప్పుకోరు.

కింది హద్దు: వేగం 400 అడుగుల కన్నా తగ్గకూడదు, పవర్ ఫ్యాక్టర్ 60 కన్నా తగ్గకూడదు. గుండు బరువును గ్రెయిన్లలో తీసుకుని, వేగాన్ని అడుగుల్లో తీసుకుని, రెంటినీ గుణించి 1,000తో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాములు. 100 గ్రెయిన్ల గుండు 600 అడుగుల వేగంతో పోతే సరిగ్గా 60. 105 గ్రెయిన్లు, 700 అడుగులు అయితే 73.5, నిబ్బరంగా సరిపోతుంది. 77 గ్రెయిన్లు, 750 అడుగులు అయితే 57.75. వేగం ఎక్కువ ఉన్నా ఇది తప్పుతుంది.

ఎండ, చలి, గొట్టం పొడవు మారితే వేగం మారుతుంది. సరిగ్గా 60 మీద తూటా చేసుకోవడం అంటే హద్దు గట్టు మీద బండి నడిపినట్టే. 70 దగ్గర ఉంచుకోవడం మేలు.

మందు తక్కువైతే వచ్చే అసలు ముప్పు వేరే ఉంది. ఎక్కువమంది వాడే తూటాల్లో ఒకటైన .38 స్పెషల్ కేసు (మందును, గుండును పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) పొడవైనది. నల్ల గన్‌పౌడర్ నాటి కొలతలతో చేసిన ఆ కేసులో ఇప్పటి పొగలేని మందు అడుగున కొంచెమే ఉంటుంది. మందు మరీ తక్కువైనా, పోయడం మరిచినా ప్రైమర్ ఒక్కటే గుండును నెట్టి గొట్టం మధ్యలో ఇరికిస్తుంది. రివాల్వర్ గొట్టం కన్నా రైఫిల్ గొట్టం మూడు నాలుగింతలు పొడవు, రాపిడీ అంత ఎక్కువ. 'ఠప్' అనే బోలు చప్పుడు, చేతికి దెబ్బ తెలియకపోవడం, పలక మోగకపోవడం, ఈ మూడూ ఇరుక్కున్న గుండు గుర్తులు. రెండో గుండు దాని వెనక పేలిందా, గొట్టం ఉబ్బుతుంది, చిట్లొచ్చు. టైమర్ అధికారి ఆపమని అరిస్తే ఆపాల్సిందే. ఆ తుపాకీని సురక్షితంగా పక్కన పెట్టి మిగతావాటితో కొనసాగించవచ్చు. పేల్చని తూటాలు ఒక్కోటి ఒక్కో మిస్ కింద లెక్కకు వస్తాయి.

రైఫిల్‌కు గుండు మూతి చదునుగా ఉండాలి. గొట్టపు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనక తూటా మూతి ముందు తూటా ప్రైమర్‌కు ఆనుకుని ఉంటుంది. మూతి కోసుగా ఉంటే అదే పిన్ను పని చేస్తుంది. తూటా మొత్తం పొడవు కూడా చూసుకోవాలి. వించెస్టర్ 1873లో తూటాను పైకెత్తే దిమ్మె ఒక నిర్ణీత పొడవుకే చేసింది. తూటా పొట్టిదైతే వెనకాలే వచ్చే రెండోదాని అంచు ఆ దిమ్మెలోకి చొరబడి లీవర్ బిగుసుకుంటుంది. లీవర్‌ను బలవంతంగా లాగితే చెడేది దిమ్మె. ముందుగా డమ్మీ తూటాలు పది చేసి, నెమ్మదిగా నడిపి చూడాలి.

ప్రశ్న: మాది వెల్డింగ్ షాపు. షూటింగ్ పలకలు చేసిమ్మని ఒక క్లబ్బు నుంచి అడిగారు. మామూలు ఎంఎస్ ప్లేటు సరిపోతుందా? ఎంత మందం? (నల్గొండ)

జవాబు: పని ఒప్పుకునే ముందు ఒక మాట అడగండి: ఆ పలకల మీద ఏం పేలుస్తారు? ఎయిర్‌గన్ అయితే 3 మి.మీ. ఎంఎస్ చాలు. అసలు తూటాలైతే, అవీ అనుమతి ఉన్న రేంజిలోనే అయితే, ఎంఎస్ వద్దు.

ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) గట్టితనం 120 నుంచి 150 బ్రినెల్ (గట్టితనం కొలిచే లెక్క) మధ్య ఉంటుంది. సీసపు గుండ్లు పడ్డకొద్దీ దానిమీద చిన్న చిన్న గుంటలు పడతాయి. చదునైన పలక మీద సీసం పక్కలకు చెదురుతుంది. గుంటలో పడితే గిన్నెలో పోసిన నీళ్లలాగా అంచు ఎక్కి, వచ్చిన దారినే తిరిగి వస్తుంది, అంటే కొట్టినవాడి మొహం మీదికి. అందుకే అమెరికాలో ఏఆర్ 500 అనే, 500 బ్రినెల్ దగ్గర గట్టితనం ఉన్న ఉక్కు వాడతారు. మన దగ్గర అదే తరగతి ఉక్కు క్రషర్ లైనర్లలో, టిప్పర్ బాడీల్లో కనిపిస్తుంది. హార్డాక్స్ 500 అని అడిగితే దొరుకుతుంది. తుక్కుగా వచ్చిన అరిగిన లైనరు ముక్క తీసుకోవద్దు, చదును పోయిన పలక ఎంత గట్టిదైనా పనికిరాదు.

కొలత: 40 సెం.మీ. చదరం, 10 మి.మీ. మందం. బరువు పన్నెండున్నర కిలోలు వస్తుంది. ఇద్దరు మోయనక్కర్లేదు, గాలికి ఊగదు.

ఇక మీ పనిలోనే పాడయ్యే చోటు ఒకటుంది. ఈ ఉక్కును గట్టిపరిచేది వేడి–చల్లార్పు పద్ధతే. మళ్లీ 250 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆ గట్టితనం పోతుంది. గ్యాస్ కటింగ్‌తో కోస్తే అంచు వెంబడి ఒక పట్టీ మెత్తబడుతుంది. వెల్డింగ్ చేస్తే దాని చుట్టూ ఒక వలయం మెత్తబడుతుంది, గుంటలు అక్కడి నుంచే మొదలవుతాయి. కాబట్టి లేజర్ లేదా వాటర్‌జెట్ కటింగ్ చేయించండి. స్టాండుకు వెల్డు పెట్టకుండా బోల్టుతో బిగించండి. బోల్టు తల గుండ్రంగా, నునుపుగా ఉండాలి. ఆరు మూలల నట్టు ముందువైపు ఉంటే దాని అంచు తగిలిన గుండు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

పలకను నిటారుగా నిలబెట్టొద్దు. పై అంచు కొట్టేవాడి వైపు వాలాలి, అప్పుడు సీసం నేలలోకి దిగుతుంది. 15 డిగ్రీల వాలు చాలు. 40 సెం.మీ. పలకకు పై అంచు కింది అంచు కన్నా 10 సెం.మీ. ముందుకు ఉంటే ఆ కోణం వచ్చినట్టే, గుండుతాడు వేసి కొలవండి. పలక కింద నేల మెత్తటి మట్టి కావాలి. మన నల్గొండ నేలల్లో గులకరాయి ఎక్కువ, పై జానెడు జల్లెడ పట్టి వేయించమనండి. పక్కపక్క పలకల సీసం ఒకదాని స్టాండును ఇంకొకటి కోసేస్తుంది కాబట్టి స్టాండు కాళ్లను పలక చాటునే దాచండి. క్లబ్బు వాళ్లకు ఒక చీటీ కూడా రాసివ్వండి: ప్రతి పోటీకి ముందు పలకను వేలితో తడిమి చూడాలి, గుంట వేలికి తెలిస్తే ఆ పలక పక్కకు. కళ్లద్దాలు కొట్టేవాడికే కాదు, రేంజిలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తప్పనిసరి.

ప్రశ్న: మా నాయన కాలం నుంచి లైసెన్సు డబుల్ బ్యారెల్ పన్నెండు బోరు ఉంది. కౌబాయ్ పోటీ నియమాలకు సరిపోతుందా? (రైతు, అచ్చంపేట)

జవాబు: రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటే సరిపోవచ్చు, ఒకదానిపై ఒకటి ఉంటే సరిపోదు. పక్కపక్కనవాటిలోనూ ఆటోమేటిక్ ఎజెక్టర్ ఉండకూడదు. తెలుసుకోవడం తేలిక: పేల్చాక తుపాకీ విరిచి తెరిస్తే ఖాళీ కేసు తనంతట తాను ఎగిరి బయటపడితే ఎజెక్టర్ ఉన్నట్టు. కేసు కొద్దిగా పైకి లేచి ఆగిపోయి, వేలితో తీయాల్సి వస్తే అది ఎక్స్‌ట్రాక్టర్, అది చెల్లుతుంది. ఖాళీ డమ్మీతో ఈ పరీక్ష తేలదు, చాలా ఎజెక్టర్లు పేలిన గొట్టానికే పనిచేస్తాయి. పాత తుపాకీకి ఇంకా కొన్ని చూడాలి. మూసి బిగించాక గొట్టాలు పక్కకు ఊగుతున్నాయా? ఛాంబర్ పొడవు ఎంత? రెండున్నర అంగుళాల ఛాంబర్‌లో రెండు ముప్పావు అంగుళాల తూటా పట్టినట్టే ఉంటుంది. పేలినప్పుడు మూతి విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. ఛాంబర్ పొడవు గొట్టం అడుగున చెక్కి ఉంటుంది.

అసలు సంగతి చట్టం. మీ లైసెన్సులో పంట రక్షణ అని ఉంటే ఆ తుపాకీ ఆ పనికే. పోటీకి, సాధనకు వాడాలంటే ఆ అవసరం లైసెన్సులో నమోదు కావాలి. మీది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్క ఊరు. సాధన పేరుతో తుపాకీ తీసుకుని అడవి అంచుకు వెళ్తే దాన్ని ఎవరూ సాధన అనుకోరు. ఉత్తరంలో బరాత్ సంగతి కూడా అడిగారు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత వేడుకల్లో నిర్లక్ష్యంగా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పెళ్లిలో తుపాకీ ఇంట్లో బీరువాలో ఉండాలి.

ప్రశ్న: స్కోరు లెక్క అర్థం కాలేదు. మిస్‌కు 5, ప్రొసీజరల్‌కు 10 అంటున్నారు. పలక తప్పితే వరుస కూడా తప్పినట్టే కదా, 15 వేస్తారా? (కోదాడ)

జవాబు: వేయరు. మిస్ వల్ల ప్రొసీజరల్ (చెప్పిన వరుస, పద్ధతి తప్పినందుకు పడే శిక్ష) పుట్టదు అన్నది నియమం. ఎడమ నుంచి కుడికి ఒకటి, రెండు, మూడు కొట్టాలి అనుకోండి. రెండోదానికి గురిపెట్టి తప్పారు, మూడోదానికి వెళ్లిపోయారు. అది 5 సెకన్లే. రెండోదాన్ని వదిలి మూడోదాన్ని కొట్టి, మళ్లీ రెండోదానికి వచ్చి కొట్టారనుకోండి, అప్పుడు అన్నీ తగిలినా వరుస తప్పినందుకు 10. మిస్ అయిన పలకను మళ్లీ కొట్టాలని వెనక్కి రావడమే కొత్తవాళ్లు చేసే తప్పు. 5తో పోయేదాన్ని 10 చేసుకుంటారు.

టైమర్ ఆఖరి గుండు చప్పుడుతో ఆగిన సమయం 32.45 సెకన్లు, రెండు మిస్‌లు, ఒక ప్రొసీజరల్ అయితే 32.45 + 10 + 10 = 52.45. చిన్న భద్రతా తప్పుకు మరో 10. చెప్పిన పద్ధతిని కావాలని పక్కన పెట్టి లాభం పొందజూస్తే 30, దాన్ని ఆట స్ఫూర్తికి విరుద్ధం అంటారు. మిస్‌లను ముగ్గురు లెక్కిస్తారు, ఇద్దరి మాట చెల్లుతుంది. అనుమానం వస్తే లాభం కొట్టినవాడికే.

ప్రశ్న: వేషం, హోల్‌స్టర్ విషయంలో ఎందుకంత పట్టుదల? 170 డిగ్రీలు అంటే ఏమిటి? (జడ్చర్ల)

జవాబు: వేషం ఆటలో భాగం. 19వ శతాబ్దపు చివరి కాలానికో, పాత వెస్టర్న్ సినిమాలకో తగ్గ దుస్తులు వేసుకోవాలి, ప్రతి సభ్యుడికీ ఇంకెవరికీ లేని మారుపేరు ఒకటి ఉండాలి. క్రికెట్ టోపీ, టీషర్టు, రన్నింగ్ బూట్లు కుదరవు. ఇంతకు మించి వేషం గురించి చెప్పాల్సింది లేదు.

హోల్‌స్టర్ మాత్రం వేషం కాదు, భద్రత. నిలువు నుంచి 30 డిగ్రీలకు మించి వాలకూడదు. అంతకన్నా వాలితే ఒరలో ఉన్న తుపాకీయే వెనక నిలబడ్డవాళ్లను చూస్తుంది. షాట్‌గన్ తూటాల బెల్టులో ఒక్కో ఉంగరంలో రెండుకు మించి ఉండకూడదు.

కొట్టేవాడు గీత మీద నిలబడితే ఎడమ నుంచి కుడికి ముందున్న ప్రదేశం 180 డిగ్రీలు. రెండువైపులా 5 డిగ్రీల చొప్పున తీసేస్తే 170. గొట్టం ఎప్పుడూ ఈ లోపలే ఉండాలి. దాటితే ఆ స్టేజ్ పోతుంది. నిండు తుపాకీ గొట్టం మనిషి మీదుగా పోతే ఆ పోటీ నుంచే బయటికి. అది చేజారినా అంతే. పొట్ట మీదుగా అడ్డంగా పెట్టుకునే క్రాస్ డ్రా హోల్‌స్టర్‌తోనే ఇది ఎక్కువ జరుగుతుంది, తీసేటప్పుడు గొట్టం సహజంగానే పక్కకు తిరుగుతుంది. విరుగుడు కాళ్లలో ఉంది. ఆ హోల్‌స్టర్ ఉన్న వైపు కాలు ముందుకు వేసి నడుము తిప్పితే గొట్టం ముందుకే చూస్తుంది. ఒరలో పెట్టేటప్పుడూ అదే అడుగు. తీసేటప్పుడు గుర్తుండి పెట్టేటప్పుడు మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మా బడి పిల్లలకు ఈ క్రమశిక్షణ నేర్పాలని ఉంది. ఎయిర్‌గన్‌తో చేయొచ్చా? (వ్యాయామ ఉపాధ్యాయుడు, వనపర్తి)

జవాబు: చేయొచ్చు, ఇది ఈ నెల ఉత్తరాల్లో మాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటకుండా, మూతి శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పెల్లెట్ బరువు కిలోల్లో తీసుకుని, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, వేగాన్ని వేగంతో గుణించి, దాన్ని బరువుతో గుణించి సగం చేస్తే జౌళ్లు వస్తాయి. 0.53 గ్రాముల పెల్లెట్ 170 మీటర్ల వేగంతో పోతే 7.7 జౌళ్లు. లైసెన్సు అక్కర్లేకపోయినా బడి యాజమాన్యం, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, స్థానిక పోలీసులకు సమాచారం ఉండాలి.

స్థలం: వెనక గట్టి గోడ, పక్క నుంచి ఎవరూ రాలేని చోటు. ముగ్గుపిండితో ఫైరింగ్ గీత గీయండి. కొట్టేవాడు నిలబడే చోటు నుంచి అదే గీత మీద ఎడమకు 2 మీటర్లు, కుడికి 2 మీటర్లు కొలవండి. అక్కడి నుంచి పలకల వైపు 17.5 సెం.మీ. ముందుకు ఒక్కో మేకు దిగ్గొట్టండి. నిలబడే చోటు నుంచి ఈ మేకుల మీదుగా తాడు లాగితే అదే 170 డిగ్రీల హద్దు. మొదటి వారం పెల్లెట్ లేకుండా ఈ తాడు దాటకుండా తిరగడం, బల్ల మీద పెట్టడం, తీయడం, ఇంతే చేయించండి. ఒకరు చేస్తుంటే ముగ్గురు పిల్లలు తప్పులు లెక్కించాలి. చూసేవాడికే నియమం త్వరగా వంటబడుతుంది.

ఉక్కు పలక మీద ఉక్కు బీబీ గుండ్లు ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. అవి చితకవు, బంతిలా వెనక్కి వస్తాయి. సీసపు పెల్లెట్లే, 10 మీటర్లు, కళ్లద్దాలు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా తినుబండారాలు ముట్టనివ్వొద్దు. ఎయిర్‌గన్ చప్పుడు చిన్నది కాబట్టి షాట్ టైమర్ మైకు సున్నితత్వం పెంచాలి. అప్పుడు పక్కవాడి చప్పట్లు కూడా నమోదవుతాయి, ఒక్కొక్కరినే కొట్టనివ్వండి.

ఆసక్తి నిలిచిన పిల్లలను 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, పిస్టల్ వైపు పంపండి. రైఫిల్ బరువు 5.5 కిలోలు, పిస్టల్ 1.5 కిలోలు దాటకూడదు, పిస్టల్ ట్రిగ్గర్ 500 గ్రాముల కన్నా తేలికగా ఉండకూడదు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల రైఫిలే.

ప్రశ్న: నాలుగు తుపాకులూ మన దేశంలో కొనుక్కోవచ్చా? (భువనగిరి)

జవాబు: 2019 సవరణ నుంచి ఒక వ్యక్తికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. గుర్తింపు పొందిన క్రీడా షూటర్లకు వేరే మినహాయింపులున్నాయి. మామూలు లైసెన్సుకు వయసు 21 నిండాలి. దీనికి తోడు బలగాల తూటాలను పేల్చగలిగే కొన్ని బోర్లు నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. కాబట్టి అక్కడి సామాను జాబితా పట్టుకుని ఇక్కడ బయల్దేరొద్దు.

ప్రశ్న: గుర్రం మీద నుంచి బెలూన్లు పేల్చేది కూడా ఇదేనా? (గద్వాల)

జవాబు: దగ్గరి చుట్టమే కానీ ఆట వేరు. అక్కడ రెండు రివాల్వర్లు, ఒక్కోదాంట్లో అయిదు, మొత్తం పది బెలూన్లు. తూటాలో గుండు ఉండదు. .45 కోల్ట్ కేసులో నల్ల గన్‌పౌడర్ మాత్రమే ఉంటుంది. కాలుతూ చెదిరే మందు రవ్వలకే బెలూన్ పగులుతుంది. అందుకే కొన్ని మీటర్ల దూరం దాకే పనిచేస్తుంది. తప్పిన ప్రతి బెలూన్‌కు 5 సెకన్లు.

ప్రశ్న: సీఓటూ సిలిండర్‌తో నడిచే కౌబాయ్ ఎయిర్ రివాల్వర్ మా తమ్ముడి దగ్గర ఉంది. పొద్దున బాగా కొడుతుంది, మధ్యాహ్నం గుండ్లు పైకి పోతున్నాయి, వరుసగా కొడితే కిందికి పడుతున్నాయి. రిపేరా? (నల్గొండ)

జవాబు: రిపేరు కాదు, వేడి. 12 గ్రాముల సిలిండర్‌లో సీఓటూ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి 57 బార్లు, 31 డిగ్రీల దగ్గర 74 బార్లు. ఆ పైన ద్రవం, ఆవిరి అన్న తేడా పోయి ఒత్తిడి ఇంకా వేగంగా పెరుగుతుంది. మధ్యాహ్నపు ఎండలో అందుకే గుండు వేగం పెరిగి పైకి పోతుంది. వరుసగా కొడితే ద్రవం ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది, ఒత్తిడి పడిపోయి గుండు కిందికి దిగుతుంది. ఒక్కో గుండుకూ మధ్య అయిదారు సెకన్లు ఆగితే తేడా తగ్గుతుంది. సాధన పొద్దున ఎనిమిదిలోపు పెట్టుకోమనండి. సాధన అయ్యాక మిగిలిన గ్యాసును ఖాళీగా పేల్చి సిలిండర్ తీసేయాలి. లోపల వదిలేస్తే సీలు ఉబ్బి కారడం మొదలవుతుంది. మే నెలలో నిండు సిలిండర్లను బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచొద్దు. ఇంట్లో నీడన, పిల్లలకు అందని అరలో ఉంచండి.